ఆస్పత్రికి గడప ఉండదు

ఫణిశ్రీనివాస్ నోటితో మాట్లాడే మనిషి కాదు, తలతో మాట్లాడే మనిషి. ఆ సంగతి హారతికి పెళ్లిచూపులనాడే తెలిసిపోయింది. "అమ్మాయి నచ్చిందా బాబూ?" అని వాళ్ల నాన్న వేంకటరమణమూర్తి గారు మొహమాటం లేకుండా అడిగేస్తే, అతను తలని ఇటోసారి అటోసారి మెత్తగా వాల్చి, కాఫీ తాగడంలో పడిపోయాడు. వాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో పెద్ద వాదన. నాన్న కోర్టులో పనిచేసే మనిషి కనక, నోటితో చెప్పనిది ఒప్పుకోలు కిందకి రాదన్నారు. అమ్మ లక్ష్మీసుందరి మాత్రం, "అంత అందంగా తలూపినవాడు వద్దంటాడేటండీ!" అని తేల్చేసింది.

పెళ్లయ్యాక హారతి ఆ భాష నేర్చుకుంది. తల ఒకవైపు వాలిస్తే సరే. రెండు వైపులా వాలిస్తే చాలా సరే. గడ్డం పైకెత్తి చిన్నగా చప్పరిస్తే వద్దు. నిండు గిన్నెలో నీళ్లు తొణికినట్టు కదిపీ కదపనట్టు కదిపితే, చూద్దాం. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒకటి, తక్కువైతే మరొకటి. స్నేహితురాలు కీర్తి ఫోనులో ఇదంతా విని, "పేరే ఫణి కదే, ఊపక ఏం చేస్తాడు?" అని విరగబడి నవ్వింది. హారతీ నవ్వింది. కొత్త కాపురంలో ఆవిడకి ఏది చూసినా నవ్వే వచ్చేది. గ్యాసు పొయ్యి మొదటిసారికే అంటుకున్నా పండగే. బాల్కనీలోంచి చూస్తే ఎదుటి మేడ మీద ఎవరో ఆరేసిన అప్పడాలు కనిపించినా పండగే.

ఒకరోజు సాయంత్రం ఫణి చేతిలోంచి టీ గ్లాసు జారి పడింది. వాళ్లింట్లో పగిలిన మొదటి గ్లాసు అది. హారతి నవ్వేసింది. అతను నవ్వలేదు. కుడిచేతిని, అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ నిలబడిపోయాడు.

అతనిది పరవాడ దగ్గర మందుల కంపెనీలో మైక్రోబయాలజిస్టు ఉద్యోగం. రోజంతా మైక్రోస్కోపు మీదికి మెడ వంచి కూర్చోవాలి. మెడనొప్పి ఎప్పటినుంచో ఉందట, చెప్పలేదు. అది భుజంలోకి దిగి, బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు పాకడం మొదలైంది. తరవాత పట్టు తగ్గింది. స్కాన్ తీయిస్తే, మెడ ఎముకల మధ్య మెత్తలాగా ఉండే డిస్కుల్లో ఒకటి చిట్లి, చేతికి వెళ్లే నరాన్ని నొక్కేస్తోందని తేలింది. మాత్రలు వాడారు, వ్యాయామాలు చేయించారు, మెడకి పట్టీ వేశారు. పట్టు ఇంకా తగ్గింది. ఆపరేషన్ తప్పదన్నాడు విశాఖపట్నం డాక్టరు.

ఆ రోజు డాక్టరు బల్ల మీద ప్లాస్టిక్ ఎముకల మెడ ఒకటి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని ఆయన చెప్పిన మాటలు హారతికి పాఠంలా గుర్తుండిపోయాయి.

"ముందువైపు నుంచి చిన్న కోత పెట్టి పాడైన డిస్కు తీసేస్తాం. అంతవరకూ ఎలాగూ చేయాల్సిందే. ఖాళీ అయిన చోట ఏం పెట్టాలన్నదే ప్రశ్న. ఒకటి, చిన్న దిమ్మ పెట్టి, పైన ప్లేటు వేసి, మరలు బిగిస్తాం. కొన్నాళ్లకి ఆ రెండు ఎముకలూ కలిసి ఒకటే ఎముక అవుతాయి. నమ్మకమైన పద్ధతి, ఎన్నో ఏళ్లనుంచి చేస్తన్నాం. ఒక్కచోటే బిగిస్తాం కాబట్టి తల తిప్పడానికి పెద్ద తేడా తెలియదు. కాపోతే అక్కడ కదలిక పోతుంది, పైనా కిందా ఉన్న డిస్కుల మీద బరువు పడొచ్చు. రెండోది, కదిలే డిస్కే పెట్టడం. లోహంతో చేసిందే, కానీ మన డిస్కులాగే ఇటూ అటూ వంగుతుంది. అందరికీ పనికిరాదు. ఎముక గట్టిగా ఉండాలి, వెనక కీళ్లు అరిగి ఉండకూడదు. మీ వయసుకి, మీ స్కాన్‌కి పనికొస్తుంది. అయితే అది చాలా ఏళ్ల తరవాత ఎలా ఉంటుందని అడిగితే, మొదటిదాని గురించి చెప్పినంత ధీమాగా చెప్పలేను. ఆలోచించుకోండి."

ఆలోచించుకునే లోపల ఆషాఢం వచ్చేసింది.

కొత్తకోడలు ఆషాఢంలో అత్తవారింట ఉండకూడదు. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు. అత్తా అల్లుడూ ఎదురుపడకూడదు. ఆపరేషన్ కూడా ఆషాఢం వెళ్లాకే పెట్టుకుందామని పెద్దవాళ్లు అడిగి చూశారు. "నరానికి మాసాలు తెలియవండీ" అన్నాడు డాక్టరు. అలా ఫణి ఆస్పత్రికి, హారతి చోడవరంలో పుట్టింటికి.

పుట్టి పెరిగిన ఇల్లే. అయినా ఆవిడకి ఆ ఇంట్లో ఏం చేయాలో తెలియలేదు. తన గదిలో అమ్మ బియ్యం డబ్బాలు పెట్టేసింది. బీరువాలో తన అరలోకి నాన్న పాత కోట్లు వచ్చేశాయి. పొద్దున్న నాన్న కోర్టుకి వెళ్లిపోతారు. అమ్మ వంటింట్లో, పూజలో. హారతి వీధి వరండాలో కూర్చుని మాడుగుల వైపు వెళ్లే బస్సుల్ని చూసేది. వాన పడితే బాగుండేది. మామిడిపళ్ల లోడు ట్రాక్టరు గుంతలో పడి లేస్తే, ఒక పండు జారి రోడ్డు మీద పడితే, బడిపిల్లలు దానికోసం కొట్టుకుంటే, అది చూసి ఆవిడకి నవ్వొచ్చేది. నవ్వు వచ్చిన మరుక్షణం, ఇది ఎవరికి చెప్పాలా అని పక్కకి చూసేది. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. రెండు నెలల కిందటి దాకా ఈ ఊళ్లో ఒక్కర్తే నవ్వుకోవడం ఆవిడకి బాగా వచ్చు. ఇంత తొందరగా ఎలా మర్చిపోయిందో అర్థం కాలేదు.

ఫోను చేస్తే అతను "ఊఁ" అనేవాడు. తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అతను తల ఏ వైపు వాల్చాడో ఆవిడకి ఎలా తెలుస్తుంది?

ఇంట్లో పనికి వచ్చే మంగాయమ్మ ఒకటే ఆటపట్టింపు.

"ఏటమ్మా సిన్నమ్మా, మొకం అలగెట్టీసేవు? పెనిమిటి మీద బెంగా?"

"ఆయనకి ఆపరేషన్ మంగాయమ్మా."

మంగాయమ్మ చీపురు కింద పడేసింది. "ఓలమ్మో! పెళ్లయి మూణ్ణెల్లు నిండలేదు, అప్పుడే ఆపరేషనేటి? పిల్లలొద్దనుకున్నారేటి? అదీ మొగోడికా!"

లక్ష్మీసుందరి వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఒసే, మెడకే! మెడకి ఆపరేషనే! వీధంతా టాంటాం వేసీగలవు."

"మెడకా? మరలా సెప్పాలి కదా! ఆపరేషనంటే మాకు ఒకటే ఆపరేషను" అని మంగాయమ్మ చీపురు ఎత్తుకుంది. హారతి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. తరవాత ఆ నీళ్లు కాసేపు ఆగలేదు.

ఆ మధ్యాహ్నమే బావగారు రఘునందన్ ఫోను చేశాడు. ఫణికి అన్నయ్య. తండ్రి లేని ఇంట్లో తండ్రిలాంటివాడు.

"అమ్మా హారతీ, కంగారు పడకు. ఎల్లుండి ఆపరేషన్. బిగించేయమని చెప్పేసేం. మా ఆఫీసులో ఒకాయనకి అలాగే చేసేరు, ఇప్పుడు బండి కూడా నడుపుతన్నాడు. తెలిసిన పద్ధతే మంచిది కదా."

"ఆయన ఏమన్నారు బావగారూ?"

"వాడా? డాక్టరు అడిగేడు, బిగించేద్దామా అని. సరేనని తలూపేడు."

ఫోను పెట్టేశాక హారతి తనకి తనే చెప్పుకుంది. తప్పేముంది? పెద్దాయన, మంచికోరే చెప్పాడు. డాక్టరు కూడా రెండూ మంచివే అన్నాడు. పెళ్లయి నిండా మూడు నెలలు కాని పిల్ల, అతన్ని పుట్టినప్పటి నుంచీ పెంచినవాళ్ల మధ్యకి వెళ్లి మెడ గురించి ఏం మాట్లాడుతుంది? కానీ ఒక్క సందేహం మాత్రం లోపల మెదులుతూనే ఉంది. ఏ వైపుకి ఊపాడు?

సాయంత్రం అమ్మ గోరింటాకు రుబ్బి రెండు చేతులకీ దట్టంగా పెట్టింది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే ఎలా? అరచేతులు రెండూ పచ్చటి ముద్దలతో బరువెక్కి ఉండగా ఫోను మోగింది. వీడియో కాల్. ఫణి. అమ్మ పెరట్లో ఉంది. హారతి ఇటు చూసి అటు చూసి, వంగి, ముక్కుతో తెర మీద గీసింది. మొదటిసారి ముక్కు చేతి మీది ముద్దకి రాసుకుంది, రెండోసారికి తెరకి తగిలింది. ఫోను చెంబుకి ఆనించి ఉంది కాబట్టి సరిపోయింది.

తెర మీద ఫణి. మెడకి దళసరి పట్టీ. గడ్డం దాని అంచు మీద, అరుగు మీద పెట్టిన కుండలాగా కూర్చుంది. కుడిచేయి దిండు మీద.

"ముక్కుకి గోరింటాకు" అన్నాడతను. వినిపించీ వినిపించకుండా.

"మీకు చెయ్యూపుదామంటే చేతులు లేవు" అంది హారతి.

"నాకు మెడ లేదు."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఊపడానికి ఒకరికి చేతుల్లేవు, ఒకరికి తల లేదు. ఇంక మాటలే మిగిలాయి. ఆవిడ అడిగింది.

"బిగించేద్దామా అంటే సరేనన్నారట?"

అతను తల కదపబోయాడు. నొప్పికి కళ్లు మూతలు పడ్డాయి. పట్టీ లోపల తల అటూ ఇటూ కాకుండా ఒక్క నూలుపోగంత కదిలి ఆగిపోయింది. సరే అనుకుంటే సరే, వద్దనుకుంటే వద్దు. ఆ నూలు కదలికలో ఆవిడ నేర్చుకున్న భాష మొత్తం కలగాపులగం అయిపోయి ఉంది.

"అలా కాదు. నాకు అర్థం కావడం లేదు. నోటితో చెప్పండి."

అతను కళ్లు తెరిచాడు. "నేను సరేనన్లేదు హారతీ" అన్నాడు చివరికి. "చూద్దాం అన్నాను. అంత తిరగలేదు తల."

"మరి చెప్పలేదేం?"

"అన్నయ్య అప్పటికే కిందికెళ్లిపోయేడు, సంతకాలకి. తరవాత... ఇంక చెప్పినా బాగోదు కదా. అన్నయ్య తిండి కూడా తినకుండా తిరుగుతన్నాడు."

"మీకేం కావాలి?"

"నువ్వుంటే అడిగేవాణ్ణి."

ఇంతలో ఎవరో ఎక్స్‌రే అంటూ వచ్చారు. అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఫోను కట్ చేయడం మర్చిపోయి ఒళ్లో పెట్టుకున్నట్టున్నాడు. తెర మీద పైకప్పు దీపాలు ఒకదాని వెంట ఒకటి వెనక్కి వెళ్లిపోతున్నాయి. ఒక తలుపు, మరో తలుపు, గాజు తలుపు. కుర్చీ నీళ్ల మీద పడవలా జర్రున పోతోంది. తరవాత ఎవరి వేలో తగిలి తెర నల్లబడింది. హారతి ఎండుతున్న చేతులతో అలాగే కూర్చుంది. ముక్కు మీది గోరింటాకు తుడిచేవాళ్లు కూడా లేరు.

మర్నాడు శుక్రవారం. లక్ష్మీసుందరి వీధి గడపకి పసుపు రాస్తోంది. నల్లటి టేకు గడప, మోకాలి ఎత్తులో సగం ఉంటుంది. పాలవాడు దాన్ని దాటలేక రోజూ తిట్టుకుంటాడు.

"అమ్మా, నేను వైజాగు వెళ్తాను. రేపు పొద్దున్న బస్సుకి" అంది హారతి వెనకనుంచి.

"ఏటే?" పసుపు చెయ్యి ఆగిపోయింది. "మతి ఉందా? మీ అత్తగారు అక్కడే ఉన్నారు. ఆషాఢం. ఇద్దరూ ఒకే గడప దాటతారేటి? ఏదైనా అయితే, అదీ ఆపరేషన్ రోజు..."

"ఆయన బిగించమన్లేదమ్మా. తల తిరక్క అలా అయిపోయింది. ఎవరికీ చెప్పుకోడు. నేను వెళ్లి అడిగిస్తాను."

"ఫోనులో చెప్పు."

"ఎవరికి చెప్పను? బావగారితో, మీరు తప్పుగా అర్థం చేసుకున్నారని ఫోనులో చెప్పనా? డాక్టరు దగ్గర ఆయన పక్కన నిలబడి చెప్పాలి."

లక్ష్మీసుందరికి కోపం రాలేదు, భయమేసింది. కూతురి మొహం చూసి మరీ భయమేసింది. "నాకు మాత్రం లేదేటే బాధ? కానీ గడప సంగతి..." అంటూ చేతి కిందున్న దాని వైపే చూసింది.

హారతీ దాని వైపే చూసింది. అప్పుడు, నిన్న తెర మీద జర్రున పోయిన కుర్చీ కళ్లముందు కదిలింది.

"అమ్మా, ఆస్పత్రికి గడప ఉండదు."

"ఏటి?"

"ఉండదమ్మా! చక్రాల కుర్చీ ఎలా వెళ్తుంది మరి? స్ట్రెచరు ఎలా వెళ్తుంది? నిన్న చూసేను, మూడు తలుపులు దాటింది, ఒక్క కుదుపు లేదు. ఒకే గడప దాటకూడదు. గడపే లేకపోతే?"

లక్ష్మీసుందరి శాస్త్రంలో ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆలోచించింది. దొరకలేదు. పసుపు చేత్తోనే నుదురు తుడుచుకుని, "ఇదేం వాదనే, మీ నాన్న పోలికే" అంది. కానీ పెదాల చివర ఏదో వంకర తిరిగింది. చెయ్యి కడుక్కొచ్చి వియ్యపురాలికి ఫోను చేసింది. స్పీకరులో పెట్టింది, ఏం వచ్చినా కూతురే విననీ అని.

"వదినగారూ, మా పిల్ల ఒకటి అంటోంది, మీరు నవ్వకండి..." అని మొదలెట్టి అంతా చెప్పింది.

హారతి ఫోను దగ్గరికి వంగింది.

"గడప లేకపోయినా గుమ్మం గుమ్మమే వదినగారూ" అంది అత్తగారు నెమ్మదిగా. హారతి కళ్లు దించుకుంది. "అయినా ఈ ఆస్పత్రికి రెండు గుమ్మాలున్నాయి. రోడ్డు మీది పెద్ద గుమ్మం ఒకటి, పక్క సందులో క్యాజువాలిటీది ఒకటి. నేను సందులోంచి వస్తాను. అమ్మాయిని పెద్ద గుమ్మంలోంచి రమ్మనండి. వాడు పొద్దున్నుంచి గోడకేసి చూస్తన్నాడు."

మర్నాడు మొదటి బస్సులో హారతి ఒక్కర్తే బయల్దేరింది. అమ్మ అల్లుడికి ఎదురుపడకూడదు, నాన్నకి కోర్టు. ఒళ్లో వియ్యపురాలికని అమ్మ ఇచ్చిన మాడుగుల హల్వా పెట్టె. సబ్బవరం దాటేసరికి తెల్లగా వెలుగొచ్చింది. వరినారు మడులు, తడిసిన దిబ్బలు, ఒక పొలంలో తెల్లకొంగలు బడి ప్రార్థనలో పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఆవిడకి ఎంత సంతోషం వేసిందంటే, పక్కసీటులో నిద్రపోతున్న ముసలావిడ భుజం తట్టబోయి ఆగింది.

ఆస్పత్రి పెద్ద గుమ్మం ముందు నిలబడి ముందు కిందికి చూసింది. నిజమే. గడప లేదు. నున్నటి రాయి, లోపలికీ బయటికీ ఒకటే.

డాక్టరు రౌండ్సుకి వచ్చేసరికి హారతి మంచం పక్కనే ఉంది. ఫణి ఆవిణ్ణి చూసి, ఎడమచేత్తో ఆవిడ కొంగు అంచు పట్టుకున్నాడు, వదల్లేదు. రఘునందన్ ఆశ్చర్యపోయినా బయటపడకుండా, "రామ్మా" అని కుర్చీ జరిపాడు.

"మధ్యాహ్నం తీసుకుంటాం. బిగించడానికే కదా, అంతా రెడీ" అన్నాడు డాక్టరు కాగితాలు తిప్పుతూ.

హారతి లేచి నిలబడింది. ఈ గదిలో అందరికన్నా కొత్తది తను. "సార్, ఒక్కసారి ఆయన్నే అడగండి."

"అడిగేం కదమ్మా. తలూపేరు."

"ఆయన తలూపితే సరే అని కాదు సార్."

డాక్టరు కళ్లద్దాల పైనుంచి చూశాడు. నర్సు నవ్వింది. రఘునందన్ మొహం కొంచెం ఎర్రబడింది. "ఏటమ్మా నువ్వనేది?" అన్నాడు.

"ఆయన చాలా రకాలుగా ఊపుతారు బావగారూ. ఇప్పుడు నొప్పికి అన్నీ ఒకేలా అయిపోయాయి. మీ తప్పేం లేదు. నేనూ మొన్న ఫోనులో కనుక్కోలేకపోయేను."

"అయితే నోటితో చెప్పండి" అన్నాడు డాక్టరు మంచం వైపు తిరిగి.

ఫణి పైకప్పు చూస్తూ మాట్లాడాడు. అతను అంత పొడుగ్గా మాట్లాడడం హారతి ఎప్పుడూ వినలేదు.

"మైక్రోస్కోపులోకి చూడాలి, పక్కన రాసుకోవాలి, మళ్లీ లోపలికి చూడాలి సార్. రోజంతా అదే. ఇంకా ఎన్నో ఏళ్లు చేయాలి. ఇది బిగిస్తే, దీని బరువు పక్కదాని మీద పడి, అదీ పోతే మళ్లీ ఇలాగే పడుకోవాలేమోనని భయం. కొత్తది పెడితే అదేమవుతుందోనని అదో భయం. రెండూ భయమే. అన్నయ్యా, నీమీద కోపం కాదు. కదిలేదే కావాలి నాకు."

రఘునందన్ కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చాడు. "ముందే చెప్పొచ్చు కదరా" అన్నాడు. "నీ మెడ కదరా."

"సరే" అన్నాడు డాక్టరు. "కదిలేదే పెట్టడానికి చూస్తాను. కానీ లోపల తెరిచాక, అది సరిగ్గా కూర్చోకపోతే అక్కడికక్కడ బిగించేస్తాను. అప్పుడు ఎవరూ నన్ను అడగకూడదు. దీనికి ఒప్పుకుంటేనే." ఫణి ఒప్పుకున్నాడు. ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం చేశాడు.

మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్లిపోయారు.

ఆపరేషన్ థియేటరు ముందు పొడుగాటి వరండా. మధ్యలో గాజు తలుపు. పెద్ద గుమ్మం వైపు బెంచీ మీద హారతి, క్యాజువాలిటీ వైపు బెంచీ మీద అత్తగారు. గాజులోంచి అత్తగారి ఆకుపచ్చ చీర, ఒళ్లో చేతులు, కదిలే పెదాలు కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఒకర్నొకరు చూడనట్టు చూసుకుంటున్నారు. రఘునందన్ ఇద్దరి మధ్యా తిరుగుతున్నాడు. హల్వా పెట్టె అటు మోశాడు. పెరుగన్నం పొట్లం ఇటు తెచ్చాడు. "అమ్మ తినమంది" అన్నాడు. పొట్లం విప్పితే మామిడికాయ ముక్క అన్నం మధ్యలో గుచ్చి ఉంది. ఇంకో రోజైతే అది చూసి ఆవిడ మురిసిపోయేది.

"నువ్వు రాకపోతే వాడు చెప్పేవాడు కాదు" అన్నాడు రఘునందన్, పక్కన కూర్చోకుండా నిలబడే. మెచ్చుకోలో నిష్ఠూరమో తెలియలేదు. బహుశా ఆయనకీ తెలియదు. కాసేపాగి టీకి వెళ్లిపోయాడు.

అప్పుడు హారతికి అసలు భయం పట్టుకుంది. నిన్నటిదాకా తన మాట ఎవరూ వినరని ఏడ్చింది. ఇవాళ విన్నారు. ఇప్పుడు లోపల ఏదైనా తేడా జరిగితే అది తన మాట వల్లే. తెలిసిన పద్ధతిలో పోనిస్తే పోయేది కదా. గోరింటాకు ముద్దలతో చోడవరంలో కూర్చుని ఉంటే, ఏమైనా ఆ పాపం ఇంకెవరిదో అయ్యేది. ఇలాంటి భయం పంచుకోవడానికి ప్రపంచంలో ఆవిడకున్నది ఒక్క మనిషే. ఆ మనిషి మెడ తెరిచి బల్ల మీద ఉన్నాడు. అమ్మకి ఫోను చేయబోయి మానేసింది. చేస్తే ఏం చెప్పాలి? పెరుగన్నం పొట్లం మళ్లీ మూసేసి ఒళ్లో పెట్టుకుంది. గాజు అవతల అత్తగారు కూడా హల్వా పెట్టె తెరవకుండా ఒళ్లోనే పెట్టుకుని ఉంది.

ఎంతసేపైందో. తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ టోపీతో డాక్టరు సరిగ్గా గాజు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, దాన్ని భుజంతో తెరిచి పట్టుకుని, "ఫణిశ్రీనివాస్ తాలూకు ఎవరండీ?" అన్నాడు.

ఇటు హారతి, అటు అత్తగారు, ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. "నేనే" అన్న మాట రెండు వైపులనుంచీ వచ్చింది. డాక్టరు ఇటోసారి అటోసారి చూసి, ఎవరికి చెప్పాలో తెలియక గోడకి చెప్పినట్టు చెప్పాడు.

"కదిలేదే పెట్టేం. బాగా కూర్చుంది. ఎక్స్‌రే కూడా చూసేం. నరం మీద ఒత్తిడి పోయింది. చేతి పట్టు మాత్రం రేపే వచ్చీదు, కొన్ని వారాలు, నెలలు పట్టొచ్చు. పూర్తిగా వస్తుందా అంటే ఇప్పుడే మాటివ్వలేను. ఇప్పుడు ఒక్కరే వెళ్లి చూడొచ్చు, కాసేపే."

ఒక్కరే. హారతి ఒక అడుగు వెనక్కి వేసింది. కన్నతల్లి కదా.

అత్తగారు కోడలి వైపు చూడలేదు. ఆషాఢం నియమం కళ్లతోనైనా పాటించాలన్నట్టు డాక్టరు మొహంలోకే చూస్తూ, "మా కోడల్ని ముందు వెళ్లనీయండి. పొద్దున్న మొదటి బస్సుకి వచ్చింది, మళ్లీ చీకటి పడకుండా పోవాలి. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాను" అంది. అని గాజు తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంది, కోడలు దాటేదాకా.

లోపల ఫణి నిద్రలో ఉన్నాడు. మెడ ముందువైపు చిన్న తెల్లటి పట్టీ. ఇంత చిన్నదా! రెండు రాత్రులనుంచి ఆవిడ ఊహలో అది చాలా పెద్దది. నర్సు మాట్లాడవద్దంది. హారతి మంచం పక్కన నిలబడి ఊపిరి పైకీ కిందికీ కదలడం చూసింది. ఒకసారి కళ్లు తెరిచాడు గానీ, చూపు ఆవిడ మీద ఆగకుండా దాటిపోయి మళ్లీ మూతబడింది. వచ్చినట్టు గుర్తుంటుందో లేదో. కాసేపయ్యాక నర్సు భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ బయటికొచ్చి పెద్ద గుమ్మం వైపు నడిచింది. అత్తగారు అవతలివైపు నుంచి లోపలికి వెళ్లిన గాజుల చప్పుడు వినిపించింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సబ్బవరం దగ్గర వాన మొదలైంది. అద్దం మీద చుక్కలు ఒకదానితో ఒకటి పందెం వేసుకుంటూ జారుతున్నాయి. ఏది గెలుస్తుందో చూస్తూ కూర్చుంది. అమ్మ ఫోను చేసింది.

"ఎలా ఉన్నాడే?"

"బాగా జరిగిందమ్మా. కదిలేదే పెట్టేరు."

"అమ్మయ్య! మీ నాన్నకి చెప్తాను. తిన్నావా?"

"ఊఁ."

"ఇంకేటి మరి? ఏడుస్తన్నావేటే?"

"లేదు." ఒక చుక్క జారి జారి కిటికీ రబ్బరులో ఇంకిపోయింది. "అమ్మా, ఆషాఢం ఇంకా ఎన్నాళ్లుందే?"

లక్ష్మీసుందరి పంచాంగం తీయలేదు. తీయకుండానే తెలుసు ఆవిడకి. అయినా కాసేపు వెతుకుతున్నట్టు ఊరుకుంది.

"ఇంకా సగం కూడా అవలేదమ్మడూ. త్వరగా ఇంటికి రా. నీ గదిలో బియ్యం డబ్బాలు తీసీసేను."